సదాలక్ష్మమ్మ సభలో ఏం మాట్లాడారో మమ్మల్ని చదవనివ్వండి, స్పీకర్ గారూ

తెలంగాణ శాసనసభ స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ గారికి నమస్కారం.

నేను మల్కాజిగిరిలో ఉంటాను. మా అమ్మ ముప్పై ఏళ్లు తెల్లవారుజామున నాలుగింటికే లేచి రోడ్లు ఊడ్చింది. తనకు చదువు రాదు, కానీ బస్తీలో ఎవరైనా ఆడపిల్లను బడి మాన్పిస్తున్నారని తెలిస్తే చాలు, వాళ్లింటికి పోయి మరీ "సదాలక్ష్మమ్మ చదవకపోయుంటే మంత్రి అయ్యేదా?" అని గొడవ పెట్టుకునేది. టి.ఎన్. సదాలక్ష్మి గారి పేరు నేను మొదట విన్నది అలాగే.

మొన్న మా అన్న కూతురికి కాలేజీలో పాతతరం ఎమ్మెల్యే ఒకరి మీద ప్రాజెక్ట్ ఇచ్చారు. సదాలక్ష్మమ్మ గురించి రాయమన్నాను. 1928లో సికింద్రాబాద్ పెన్షన్‌పురాలో దళిత కుటుంబంలో పుట్టారు, 1957లో కామారెడ్డి నుంచి గెలిచారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా డిప్యూటీ స్పీకర్ అయ్యారు, దేవాదాయ శాఖ మంత్రిగా చేశారు. ఇంతవరకు ఒక పేజీ నిండింది. అప్పుడు ఆ పిల్ల అడిగింది, "బాబాయ్, ఇవన్నీ పదవులే కదా, ఆమె సభలో ఏం మాట్లాడింది?"

నా దగ్గర జవాబు లేదు సార్. ఆమె పేరు తెలుగులో కొట్టి రెండు రాత్రులు వెతికాం, జయంతి, వర్ధంతి వార్తలు తప్ప ఆమె మాట ఒక్కటి దొరకలేదు.

దేవాదాయ శాఖ సంగతే చూడండి. దళితులను గుడి గడప తొక్కనివ్వని ఊళ్లు ఎన్నో ఉన్న రోజుల్లో గుళ్ల శాఖ ఒక దళిత స్త్రీ చేతికి వచ్చింది. అప్పుడు సభలో ఆమెను ఎవరేం అడిగారు, ఆమె ఏం చెప్పారు, ఎక్కడ కోపం వచ్చింది? డిప్యూటీ స్పీకర్‌గా ఆ కుర్చీలో నుంచి పెద్దపెద్ద నాయకులను కూర్చోమంటే కూర్చున్నారా? తెలంగాణకు తొలి దళిత స్పీకర్ మీరు, ఆ కుర్చీ బరువు నాకంటే మీకే బాగా తెలుసు.

1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ముందు నిలబడ్డ మనిషి, ఎస్సీ రిజర్వేషన్లను కులాల వారీగా వర్గీకరించాలని పోరాడిన మాదిగ దండోరా వెంట ముసలితనంలోనూ నడిచిన మనిషి. 2004లో పోయారు, తెలంగాణ చూడలేదు. 2025లో మీ అధ్యక్షతన ఎస్సీ వర్గీకరణ బిల్లు పాసైన రోజు టీవీ ముందు కూర్చుని మా అమ్మ ఆమెనే తలుచుకుని ఏడ్చింది.

ఇప్పటి అభ్యర్థుల ఆస్తులు, కేసులు అఫిడవిట్‌లో చూసుకోగలుగుతున్నాం, మంచిదే. కానీ ఎమ్మెల్యే అసలు పని సభలో మాట్లాడటం కదా. సభలో పలికిన ప్రతి మాటా రాసుకునే రిపోర్టర్లు ఉంటారు, ఆ చర్చలు అచ్చవుతాయి. 1952 నాటి హైదరాబాద్ శాసనసభ నుంచి మన ప్రాంతపు సభ్యుల ప్రసంగాలన్నీ, పేజీల ఫొటోలుగా కాకుండా టైపు చేసి, తెలుగులో పేరు కొడితే వచ్చేలా పెట్టించండి. మహిళా సభ్యులతో, ఎస్సీ, ఎస్టీ సభ్యులతో మొదలుపెట్టండి. అప్పట్లో ఉర్దూలో మాట్లాడినవాళ్లూ ఉన్నారు, వాటిని తెలుగు చేయగల రిటైర్డ్ టీచర్లకు ఈ నగరంలో కొదవేం లేదు.

మా పిల్ల ప్రాజెక్ట్‌లో రెండో పేజీ ఖాళీగానే ఉంది. మీరు అనుమతిస్తే ఆదివారాలు ఇద్దరం వచ్చి, సదాలక్ష్మమ్మ ప్రసంగాలున్న సంపుటాలు ముందు పెట్టుకుని, మా చేత్తోనే టైపు చేసి ఇస్తాం.

ఇట్లు,
మల్కాజిగిరి ఓటరు