మల్లె అత్తరు సీసా కాదు

సంపాదకులకు,

మొన్నటిది కాదు, అంతకుముందు ఆదివారం మీ విజ్ఞానం పేజీలో మల్లెల మీద వచ్చిన వ్యాసం గురించి ఇది. ఎవరో ఒకరు తప్పు దిద్దుతారని పది రోజులు చూశాను. ఎవరికీ తీరిక ఉన్నట్టు లేదు.

మీ వ్యాసం ప్రకారం మల్లె పుప్పొడిలో నిల్వ ఉన్న సుగంధ తైలం రాత్రి చల్లగాలికి బయటికొస్తుందట! అయ్యా, పొద్దున్నే కోసిన మొగ్గను ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకోండి. పచ్చివాసన తప్ప ఏముంటుంది? అదే మొగ్గ సాయంత్రం విచ్చుకుంటే ఇల్లంతా గుబాళిస్తుంది. ఆ వాసనను రేకుల కణాలు అప్పటికప్పుడు తయారు చేసుకుంటాయి. ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి మెట్టు మెట్టుగా బెంజైల్ ఆల్కహాల్ వస్తుంది. దానికి ఒక ఎంజైము అసిటైల్ ముక్క తగిలిస్తే బెంజైల్ అసిటేట్, మల్లె వాసనలో ముఖ్యమైన పదార్థం. మరో వాసన పదార్థం లినలూల్ పుట్టేది వేరే దారిలో, టెర్పీన్లనే మరో రసాయన కుటుంబం వైపు నుంచి. ఇక ఆ వాసనలోనే ఇండోల్ అనేది ఉంది చూశారూ, మోతాదు మించితే మలం కంపు. ఇసుమంత ఉంటేనే మల్లె మల్లెలా ఉంటుంది. ఈ ఒక్క ముక్క రాసినా పిల్లలు జన్మలో మరిచిపోయేవారు కాదు.

కోశాక కూడా ఈ పని ఆగదు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ వైపు నువ్వుల మధ్య మల్లెలు పొరలు పొరలుగా పరిచి, వాడినవి తీసి కొత్తవి వేస్తూ నూనెకు వాసన పట్టించిన వాళ్ళకు ఏ ఎంజైము పేరూ తెలియదు. పువ్వు నైజం మాత్రం తెలుసు.

గులాబీది మరో కథ. దాని వాసనలోని జెరానియాల్ అనే పదార్థం తయారీలో, అందరూ అనుకున్న టెర్పీన్ సింథేజ్ అనే ఎంజైము కాక న్యుడిక్స్ కుటుంబపు ఎంజైము ఉందని ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2015లో తేల్చారు. వాసన లేని రకాల్లో ఆ ఎంజైమును తయారు చేయించే జన్యువు దాదాపు నిద్రలోనే ఉంటుంది. మా ఊరి పూల మార్కెట్ షెడ్డు ప్రారంభానికి వచ్చిన పెద్దమనిషి చేతిలో పెట్టిన గుత్తిలోవి అలాంటి గులాబీలే. వాసన రావడం లేదని ఎవరో సెంటు కొట్టారు, కళ్ళారా చూశాను!

ఆ షెడ్డు సంగతీ వినండి. రెండేళ్ళయింది, ఒక వైపు రేకులు వేయలేదు. ఫ్యాన్లు బిగించారు గానీ కరెంటు ఇవ్వలేదు. తెల్లవారుజామున కోసి తెచ్చిన మొగ్గలు వేలం అయ్యేసరికి ఎండకు వడలి, కొన్ని అక్కడే విచ్చుకుంటాయి. విచ్చిన పువ్వుకు సగం ధర కూడా పలకదు. రైతుకు నష్టం, వాసన మార్కెట్ గోడల పాలు. అర్జీ ఇస్తే 'పరిశీలనలో ఉంది' అన్నారు. ఏం పరిశీలిస్తున్నారో, పుప్పొడినేమో!

ముప్పై నాలుగేళ్ళు ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి. ఇప్పుడు కాలేజీ ల్యాబులకు తాళాలు, పిల్లల చేతిలో ఎంట్రెన్స్ బిట్లు. మీ పేజీ అయినా సరిగ్గా ఉంటుందనుకున్నాను. సవరణ వేసేట్టయితే దయచేసి సినిమా ప్రకటన కింద చీమతలకాయంత అక్షరాల్లో వేయకండి.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, కృష్ణా జిల్లా