బ్యాడ్జి సరే, క్లచ్ ప్లేట్ల మాటేమిటి?

సంపాదకులు గారికి,

పాత బ్రిటిష్ మోటార్‌సైకిల్ పేర్లు మళ్లీ వస్తున్నాయి. నార్టన్‌ను 2020లో టీవీఎస్ కొన్నది. బీఎస్ఏ పేరు మహీంద్రా వారి క్లాసిక్ లెజెండ్స్ చేతికొచ్చి, 652 సీసీ గోల్డ్ స్టార్‌గా 2021లో బ్రిటన్‌లోనూ, 2024 ఆగస్టులో మన దగ్గరా దిగింది. సంతోషమే, కానీ కొనేముందు విడిభాగాల సంగతి చూసుకోవాలి.

పాత బ్రిటిష్ రెండు సిలిండర్ల బండ్లు ఆయిల్ కక్కేవంటే తప్పంతా గాస్కెట్లది (అతుకుల మధ్య పెట్టే పొరలది) కాదు. 360 డిగ్రీల క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీద పిస్టన్లు రెండూ ఒకేసారి దిగుతాయి. దాని చుట్టూ ఉండే పెట్టెలో, అంటే క్రాంక్‌కేసులో, గాలి నలుగుతుంది. ఆ గాలి బయటికి పోయే గొట్టం, బ్రీదర్, పూడుకుపోయి ఉంటే ఆ ఒత్తిడికి ఆయిల్ అతుకుల్లోంచి తన్నుకొస్తుంది. గాస్కెట్ విప్పేముందు బ్రీదర్ గొట్టం ఊది చూడాలి. విప్పేటప్పుడు ఆ బండి నట్లకు సరిపడే పానాలే, చాలా పాత బండ్లకైతే విట్‌వర్త్ (పాత బ్రిటిష్ కొలత) పానాలే వాడాలి, మిల్లీమీటర్ పానా పెడితే నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి.

కొత్త ఇంజన్లకు ఈ రోగాలు లేవు. వాటి చిక్కంతా విడిభాగాలతోనే. 1983లో మరో పాత బ్రిటిష్ బండి ట్రయంఫ్ పేరు కొన్న జాన్ బ్లూర్ ఈ సంగతి ముందే కనిపెట్టాడు. ఇంగ్లండ్‌లోని హింక్లీలో చేసిన తొలి మూడు, నాలుగు సిలిండర్ల ఇంజన్లకు ఒకటే 76 మి.మీ. బోర్ (సిలిండర్ వెడల్పు), స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) మాత్రం 55 లేదా 65 మి.మీ. చాలా భాగాలు ఉమ్మడి కావడంతో గోదాములో సరుకు బరువు తగ్గింది. (పాత డిజైన్లనే పట్టుకు వేలాడి ఉంటే ఆ పేరు మ్యూజియంలోనే మిగిలేది.)

బుకింగ్ డబ్బు కట్టేముందు క్లచ్ ప్లేట్లు, లీవర్లు, రేడియేటర్ ధరలూ, అవి ఎన్ని రోజుల్లో వస్తాయో డీలర్ చేత కాగితం మీద రాయించుకోండి. గోల్డ్ స్టార్ వెనక టైరు 150/70-17. అది మీ ఊళ్లో దొరుకుతుందో లేదో కూడా కనుక్కోండి. కంపెనీలు ఈ ధరల పట్టికను వెబ్‌సైట్‌లో పెడితే ఈ అడుగులాటే ఉండదు.

— ఒక పాఠకుడు, విజయవాడ