ఆ గడిలో టిక్కు పెట్టకు

అమ్మలూ,

డెన్వర్‌లో పెట్టెలైనా సర్దుకోకముందే ఆఫీసు వాళ్లతో ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు పేరు ఇస్తున్నావట. జంతువును చంపే సంగతి నువ్వూ మీ అమ్మా తేల్చుకోండి, నేను మధ్యలోకి రాను. లైసెన్సు దరఖాస్తులో కొలరాడో రాష్ట్ర నివాసినని టిక్కు పెడతానన్నావే, నా గొడవంతా దానితోనే.

డ్రైవింగ్ లైసెన్సు మారిందిగా అంటావు. అది చాలదు. దరఖాస్తు చేసే రోజుకు ముందు వరుసగా ఆరు నెలలు అక్కడే కాపురముండాలి. వేట సెప్టెంబరు తర్వాతే అయినా లైసెన్సులు లాటరీ తీసి ఇచ్చే ఆ డ్రాకు దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదట్లోనే. జనవరిలో వెళ్లినదానివి, వేట నాటికి ఆరు నెలలు నిండుతాయి గానీ దరఖాస్తు నాటికి నిండవు. వాళ్లు చూసేది దరఖాస్తు తేదీనే.

బయటి రాష్ట్రాలవాళ్లకు లైసెన్సు ధర పది రెట్లకు పైనే, నిజమే. ఇదేం న్యాయమని నీకంటే ముందే కొందరు అమెరికా సుప్రీంకోర్టుకెక్కారు. అప్పట్లో మోంటానా రాష్ట్రంలో స్థానికుడు 9 డాలర్లకు ఎల్క్ లైసెన్సు కొనుక్కుంటే, బయటివాడు వేరే జంతువులనూ కలిపి ఇచ్చే 225 డాలర్ల కాంబినేషన్ లైసెన్సు కొనాల్సి వచ్చేది. సరదా వేట ప్రాథమిక హక్కేమీ కాదని 1978లో కోర్టు మోంటానా పక్షానే తీర్పు చెప్పింది. నాకూ అదే సబబనిపిస్తుంది. ఆ మందల్ని ఏడాది పొడవునా పన్నులు కట్టి కాపాడుకునేది అక్కడివాళ్లు.

అబద్ధపు టిక్కు నేరం. లైసెన్సు రద్దయితే ఒక్క కొలరాడోతో పోదు. వేట నేరాల మీద రాష్ట్రాల మధ్య ఒప్పందముంది. 1989లో దాన్ని మొదలుపెట్టిన మూడు రాష్ట్రాల్లో కొలరాడో ఒకటి. ఇంకో మాట, సెలవులకు ఇక్కడికొచ్చినప్పుడు పాత అలవాటుకొద్దీ టెక్సస్ నివాసిగా చేపల లైసెన్సు కొనకు. రెండు పడవల మీద కాళ్లు పెడితే అక్కడి ఆరు నెలల లెక్క కూడా చెడుతుంది.

డ్రా వదిలెయ్. ఆగస్టులో డ్రా లేకుండా నేరుగా అమ్మే ఎల్క్ లైసెన్సులుంటాయి, అప్పటికి నువ్వు నిజంగానే నివాసివి. ఈలోగా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచెయ్. 1949 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లందరికీ అది తప్పనిసరి. చేపలు పట్టాలనుంటే జూన్‌లో మొదటి శని ఆదివారాలు చూసుకో, ఆ రెండు రోజులూ ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు.

స్టేట్ పార్కుల పాస్‌కు మాత్రం ఈ ఆరు నెలల బెడద లేదు. 2023లో 29 డాలర్లతో మొదలుపెట్టారు, కారు రిజిస్ట్రేషన్‌తో కలిపే కట్టించుకుంటారు. కొలరాడో నంబరు ప్లేటుంటే చాలు. నీ కారుకింకా టెక్సస్ ప్లేటే ఉందని మొన్నటి ఫోటోలో చూశాను. తొంభై రోజుల్లో మార్చుకోవాలి, ముందు ఆ పని చూడు.

అద్దె ఒప్పందం, జనవరి నుంచి వచ్చిన జీతం చీటీలు, కరెంటు బిల్లులు ఒక ఫైలులో పెట్టుకో. ఆగస్టులో అడిగితే చూపాలి.

నాన్న