మా ఊళ్లో సంఘాలు రెండు

సంపాదకులకు,

నమస్కారాలు. పోయిన వారం మీ లేఖల పేజీలో ఒంగోలు నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చదివాను. ఊరి పనుల్లో ముందు నిలబడేవాళ్లు దేవుణ్ణి ఇంట్లో వదిలి రావాలని, లేకపోతే ఏ మతంవాళ్లు ఆ మతంవాళ్లకే పనులు చేసిపెట్టుకుంటారని ఆయన బాధ. ఆ భయం వట్టిది కాదు, నేనూ అలాంటివాళ్లను చూశాను. కానీ నేను ఇరవై ఎనిమిదేళ్లు పొదుపు సంఘం లీడరుగా, అందులో తొమ్మిదేళ్లు ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యకు అధ్యక్షురాలిగా పని చేశాను. దేవుణ్ణి ఇంట్లో వదిలి వచ్చిన రోజుల్లో నేను ఏం చేశానో నాకు తెలుసు. అది చెబుదామనే ఈ ఉత్తరం.

మా ఊరు మద్దిపాడు మండలంలో, గుండ్లకమ్మ నదికి దగ్గర. మాది బాప్టిస్టు కుటుంబం. మా పల్లెలో ఆదివారం పొద్దున వెళ్లేదీ సంఘమే, నెలనెలా పదో తారీఖున చాపలు పరుచుకుని కూర్చునేదీ సంఘమే. "సంఘానికి పోతన్నా" అంటే "ఏ సంఘానికి?" అని అడగాల్సిందే. నా బతుకంతా ఆ రెంటి మధ్యే నడిచింది.

మా నాయనమ్మ అన్నం వండే ముందు చేటలో బియ్యం పోసుకుని, అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేసేది. వారమంతా పోగైన బియ్యాన్ని ఆదివారం చర్చికి పట్టుకుపోయి ఇచ్చేది. ఇంట్లో గింజలు తక్కువైన రోజు కూడా మానేది కాదు. ఆ రోజు పిడికిలి కాస్త చిన్నదయ్యేది, అంతే. 1994లో మా ఊరికి ఒక మేడమ్ వచ్చి రోజుకో రూపాయి చొప్పున పొదుపు చేయండి అన్నప్పుడు చాలామంది నవ్వారు. పొగాకు గ్రేడింగుకి పోతేనే పూట గడిచే వాళ్లం, రూపాయి ఎక్కడ మిగులుద్ది అన్నారు. నాకు మాత్రం ఆ కుండ గుర్తొచ్చింది. పదిహేనుమందిని కూర్చోబెట్టి ఆ సంగతే చెప్పాను. అందులో ఆరుగురే మా చర్చివాళ్లు. పిడికెడు తీసిపెట్టడం ఏమిటో మిగతా తొమ్మిదిమందికీ విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

అంతకు ముందే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ మంట మా దాకా వచ్చింది, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు. మా ఇంటాయన మానాడు గానీ అప్పటికే లివరు పాడైపోయింది. 2003లో పోయాడు. కొడుక్కి అప్పుడు పద్నాలుగేళ్లు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

నాయనమ్మ చెప్పిన ఇంకో సంగతి ఉంది. మా ప్రాంతపు క్రైస్తవుల ఇళ్లలో అందరూ చెప్పుకునేదే. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద అయిదుగురు మోకరించి ఈ సీమకు ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. ముగ్గురు మన వాళ్లు, ఇద్దరు అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూవెట్ దొర, ఆయన భార్య. అలా వచ్చిన మిషనరీ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే పన్నెండేళ్లు ఎదురుచూశారన్న మాట. ఆ తర్వాత 1876లో కరువు పట్టుకుంది. పెద్దవాళ్లు ధాత కరువు అనేవాళ్లు. అప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్వుతున్నారు. క్లౌ దొరకు సర్వే పని తెలుసు. మూడున్నర మైళ్ల కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు అక్కడ కూలి ఇప్పించాడు. మా నాయనమ్మ వాళ్ల అమ్మమ్మ చిన్నపిల్లగా తన తల్లితో కలిసి ఆ కాలువలో మట్టి తట్టలు మోసిందట.

1878 జూలై 3న మా వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయని ప్రసంగాల్లో గొప్పగా చెబుతారు. గొప్పే. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరి తర్వాత ఇద్దరు నీళ్లలోకి దిగి ఇచ్చారు. కానీ నాయనమ్మ ఆ అంకె దగ్గర ఆగేది కాదు. ఆమె చెప్పేది దానికి ముందు సంగతి. కరువు సాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, జనం వచ్చి అడుగుతున్నా దొర బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం వచ్చాడో దేవుడి కోసం వచ్చాడో ఆకలితో ఉన్నవాడికే తెలియదు, వాడి చేత అప్పుడు మాట ఇప్పించకూడదు అని. పని అయిపోయి, ఇవ్వడానికి ఇక ఏమీ లేదని చెప్పి పంపించాక కూడా వచ్చినవాళ్లకే ఇచ్చారు. "కూడు పెట్టే చేత్తో మతం పెట్టకూడదమ్మాయ్" అనేది నాయనమ్మ.

పాఠకుడిగారి భయానికి నా జవాబు చాలావరకు ఈ మాటలోనే ఉంది. సమాఖ్యలో ఉన్నన్నాళ్లూ లోను కోసం వచ్చిన మనిషిని నేను చర్చికి రమ్మని ఒక్కసారి పిలవలేదు. మా చర్చి పాస్టరు అయ్యగారు ఒకసారి, "నీ మాట ఇంతమంది వింటారు కదమ్మా, ఒక్క మాట చెప్పకూడదా" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నా దగ్గర అప్పు కట్టాల్సినవాళ్లకు నేను చెప్పలేనండీ అన్నాను. పదో తారీఖు మీటింగులో ప్రార్థన పెట్టలేదు. ఇంట్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఆ రోజు ఎవరి అర్జీలు వస్తాయో వాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుని ప్రార్థన చేసుకుని బయల్దేరేదాన్ని. విశ్వాసం నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఆ చీకట్లోనే.

2006లో ఒక సంఘం కంతు, పద్దెనిమిది వేల నాలుగు వందల రూపాయలు, నేనూ ఇంకో ఇద్దరు సభ్యులూ వెళ్లి బ్యాంకులో కట్టి వచ్చాం. నెల తిరిగాక ఖాతాలో ఆ డబ్బు పడలేదన్నారు. చలానా నా సంచిలోనే ఉండాలి, లేదు. ఎక్కడ పారేసుకున్నానో ఇప్పటికీ తెలియదు. నాతో వచ్చిన ఇద్దరిలో ఒకామె, డబ్బు కౌంటర్లో ఇవ్వడం తాను చూడలేదు, బయట కూర్చున్నాను అంది. అది నిజమే. ఇక ఊరంతా ఒకటే మాట. మొగుడు లేని మనిషి, కొడుకు ఒంగోలులో డిప్లొమా చదువుతున్నాడు, ఫీజు కట్టి ఉంటుంది అని. బోరింగు దగ్గరికి నీళ్లకు వెళితే మాటలు ఆగిపోయేవి. చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు కూడా నా పక్కన కూర్చోలేదు. దాచిపెట్టి రాయడం నాకు ఇష్టం లేదు. ఆ రోజుల్లో సాయంత్రం పూట నా ఇంటికి వచ్చింది మా వీధి చివరి రామాలయం పక్కన ఉండే ముసలామె ఒక్కతే. గిన్నెలో పప్పన్నం తెచ్చి ముందు పెట్టి, "నువ్వు తినవని తెలిసే తెచ్చా, తిను" అని, నేను తిన్నదాకా కూర్చుని వెళ్లేది.

బ్యాంకుకు నాలుగుసార్లు తిరిగాను. లేదన్నారు. ఒక రాత్రి, రిజిస్టర్లన్నీ మూటగట్టి ఆఫీసులో ఇచ్చేసి కొడుకును తీసుకుని మా చెల్లెలి దగ్గరికి కందుకూరు వెళ్లిపోదామని నిర్ణయానికొచ్చాను. మూట కట్టాను కూడా. నాలుగింటికి అలవాటుగా మెలకువ వచ్చింది. ప్రార్థన చేయాలనిపించలేదు. "అయ్యా, నేను తీయలేదని నీకు తెలుసు" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ రాలేదు. అదే మళ్లీ మళ్లీ అన్నాను. దర్శనం లేదు, కల లేదు, డబ్బు దొరకలేదు. ఒక్కరికైనా తెలుసు కదా అన్న ధైర్యం మాత్రం వచ్చింది. మూట విప్పి, ఆ పొద్దున తల దించుకోకుండా బోరింగు దగ్గరికి వెళ్లి నీళ్లు పట్టుకొచ్చాను. చలానా దొరకడం కంటే ఆ బిందె మోసుకురావడమే నాకు పెద్ద సాక్ష్యం.

నలభై ఏడు రోజులకు ఆ డబ్బు పక్క ఊరి సంఘం ఖాతాలో బయటపడింది. నంబరులో ఒక అంకె తేడా. నాతో వచ్చినామె ఏడుస్తూ వచ్చి చేతులు పట్టుకుంది. క్షమించానని ఆ రోజే చెప్పాను గానీ, నిజంగా క్షమించడానికి ఏడాది పట్టింది.

2010లో ప్రైవేటు ఫైనాన్సు కంపెనీల వాళ్లు వారం వారం వసూళ్లకు వచ్చి ఇళ్ల ముందు కూర్చునే రోజుల్లో, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా, అప్పు తీసుకున్న ఆడవాళ్లకు తోడుగా వాళ్ల గుమ్మాల్లో నేనూ చాప వేసుకుని కూర్చున్నాను. భయం వేయలేదు. 2006 తర్వాత నాకు మాట పడడం అంటే భయం పోయింది.

కష్టం సంగతి ఇంతే. పాఠకుడిగారికి ముఖ్యంగా చెప్పాల్సింది మంచి రోజుల గురించి.

2013లో మా సమాఖ్యలో అన్ని సంఘాల కంతులూ ఒక్కటి కూడా మిగలకుండా కట్టామని ఒంగోలులో సభ పెట్టి నాకు శాలువా కప్పారు. ఫొటో పేపర్లో వచ్చింది. ఆ తర్వాత ఎక్కడ మీటింగు పెట్టినా మాట్లాడమని పిలుపులు. అక్కా అని పిలిచేవాళ్లు మేడమ్ అనడం మొదలుపెట్టారు, నేనూ వద్దనలేదు. రాత్రి పొద్దుపోయి రావడం, పొద్దున ఆరింటికి లేవడం. నాలుగింటి ప్రార్థన ముందు వారానికి మూడు రోజులైంది, ఆ తర్వాత ఆదివారం ఒక్కటే అయింది. అర్జీ పెట్టుకున్నవాళ్ల పేర్లు నాకు నోటికి రావడం మానేశాయి.

ఆ ఏడాదే ఒక మీటింగులో యానాదుల కాలనీ నుంచి ఒకామె లేచి, నా ప్రయాణం ఖర్చులు ఇంత ఎందుకైనాయో చదివి వినిపించమంది. అడగాల్సిన ప్రశ్నే. చదివాను, లెక్క సరిపోయింది. కానీ మనసులో పెట్టుకున్నాను. తర్వాతి నెల ఆమె గేదె కోసం లోను అడిగితే వచ్చే నెల చూద్దాం అన్నాను. ఆ వచ్చే నెలా అదే మాట. డబ్బు లేక కాదు. మూడో నెలకు ఆమె ఆగలేక బయట పది రూపాయల వడ్డీకి తెచ్చుకుంది. ఎండాకాలం పాలు తగ్గి వడ్డీ కట్టలేకపోతే, అప్పిచ్చినాయన గేదెను తోలుకుపోయాడు.

నాకు ఈ సంగతి శనివారం సాయంత్రం తెలిసింది. తెల్లారితే నెల మొదటి ఆదివారం, చర్చిలో అందరం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు బల్ల. నీ మీద ఎవరికైనా బాధ ఉంటే ముందు వెళ్లి సమాధానపడి రమ్మని మాకు చిన్నప్పటి నుంచీ నేర్పిన మాట. రొట్టె, గిన్నె నా వరస దాకా వచ్చాయి. చెయ్యి చాచలేకపోయాను. లేచి బయటికి వచ్చి తిన్నగా కాలనీకి నడిచాను. ఆమె గాబు దగ్గర గిన్నెలు తోముకుంటోంది. ఎందుకు ఆపానో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె తల ఎత్తకుండా, "ఇప్పుడెందుకులే అక్కా" అంది. చాలా రోజుల తర్వాత నన్ను అక్కా అన్నది ఆమే.

పదో తారీఖున అందరి ముందూ అదే చెప్పాను. రాజీనామా కాగితం పెట్టాను, వాళ్లు తీసుకోలేదు. దాని బదులు ఒక తీర్మానం రాయించాం. వచ్చిన ప్రతి లోను అర్జీనీ ఆ రోజే చదవాలి, ఆ రోజే అవునో కాదో చెప్పాలి, కాదంటే ఎందుకో పుస్తకంలో రాయాలి. అధ్యక్షురాలు ఒక్కతే దేన్నీ వాయిదా వేయకూడదు. ఆమె బయట కట్టిన వడ్డీ నేను నా గ్రేడింగు కూలి డబ్బుల్లోంచి తీర్చాను, లోను సంఘం ఇచ్చింది. మూడు నెలలు ప్రభు బల్ల తీసుకోలేదు. అయ్యగారు ఎందుకని అడగలేదు. నాలుగో నెల ఆమె ఇంటి ముందు కొత్త గేదెను కట్టేసి ఉండగా చూసి, ఆ ఆదివారం తీసుకున్నాను. నాలుగింటి ప్రార్థన కూడా అప్పటి నుంచే మళ్లీ మొదలుపెట్టాను.

ఆ శాలువా ఏడాదిలో నేను డబ్బు తినలేదు, మతం చూడలేదు. ఆ మనిషి నా మతమా కాదా అన్నది నాకు తట్టనే లేదు. అయినా అన్యాయం చేశాను. నన్ను పట్టుకుని వెనక్కి లాగింది ఆడిట్ కాదు, ఆ రోజు రికార్డులన్నీ సరిగ్గానే ఉన్నాయి.

2020 లాక్‌డౌన్‌లో మా సంఘాలవాళ్లం మాస్కులు కుట్టాం. చర్చి మూసేశారు, ఇంట్లోనే పాడుకున్నాం. పప్పన్నం పెట్టిన ముసలామె ఆ ఏడాదే పోయింది. ఆమెను మోయడానికి నలుగురు కూడా దొరకని రోజులవి. మా అబ్బాయి ఒక భుజం పట్టాడు.

నేను 2022లో దిగిపోయాను. ఇప్పుడున్న అధ్యక్షురాలు శనివారం ఉపవాసం ఉండే మనిషి, ఏటా తిరుమలకు నడిచి కొండెక్కుతుంది. కష్టమైన అర్జీ వచ్చినప్పుడు ముందురోజు రాత్రి ఫోను చేసి, "అక్కా, రేపు పొద్దున నాలుగింటికి నా పేరు కూడా చెప్పు" అంటుంది. తన పూజ తాను చేసుకుంటుంది.

ఒంగోలు పాఠకుడిగారికి ఒక విన్నపం. మద్దిపాడులో దిగి ఎవరినడిగినా మా ఊరికి ఆటో చూపిస్తారు. పదో తారీఖున మధ్యాహ్నం మూడింటికి రండి. 2013 నాటి తీర్మానం ఉన్న మినిట్స్ బుక్కు బీరువాలో ఉంది, తీసి చూపిస్తాం. ఆ రోజు వచ్చిన అర్జీలు మీ ముందే చదువుతారు.

ఇట్లు,
ఒక మాజీ గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు,
మద్దిపాడు మండలం, ప్రకాశం జిల్లా