జాన్ నిలబడిన చోటు

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం అందింది. ఆసుపత్రి మేడ మీంచి దూకిన షెర్లాక్ హోమ్స్ ఎలా బతికాడని ఇంత ఊరించి చివరికి గాలి పరుపు మీద పడ్డాడంటారా, ఇదీ ఒక జవాబేనా అని బీబీసీ 'షెర్లాక్' సీరియల్ వాళ్ళ మీద నువ్వు విరుచుకుపడ్డ పేరా మళ్ళీ మళ్ళీ చదివాను. నీతో ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం. తీరిగ్గా కూర్చుని చదువు.

నువ్వు షెర్లాక్ దూకిన ఎపిసోడూ, తిరిగొచ్చిన ఎపిసోడూ ఒకే రాత్రి వరసగా చూసేశావు. మాకు ఆ అవకాశం లేదు. రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్ బీబీసీలో వచ్చింది 2012 జనవరి 15న, ఇక్కడ మనం సంక్రాంతి అరిసెలు తింటున్న రోజుల్లో. మూడో సీజన్ మొదలైంది 2014 జనవరి 1న. ఈ మధ్యకాలమంతా మా దగ్గరున్నది ఆ ఆఖరి సీనే. సమాధి ముందు గొంతు పూడుకుపోయి మాట్లాడే స్నేహితుడు జాన్ వాట్సన్, దూరంగా నిలబడి అతన్నే చూస్తున్న షెర్లాక్. బతికే ఉన్నాడని వాళ్ళే చూపించేశారు. ఎలా బతికాడన్నది మాత్రం దాచేశారు. ఇక చూడు, అందరూ దాని మీద పడ్డారు.

ఎన్ని థియరీలనుకున్నావ్! రోడ్డు పక్కన మూటలతో ఒక లారీ ఆగి ఉంటుంది, అతను పడ్డాక కదిలి వెళ్ళిపోతుంది, అందులో పడ్డాడని కొందరు. కింద పడింది ఆ మేడ మీదే కాల్చుకు చచ్చిన విలన్ మోరియార్టీ శవమేనని, దాన్ని షెర్లాక్‌లా తయారుచేసి తోసేశారని కొందరు. రాయబారి కూతురు షెర్లాక్‌ని చూడగానే కెవ్వుమంటుంది కదా, అంటే అచ్చం అతనిలా ఉన్నవాడే ఆ పిల్లల్ని ఎత్తుకుపోయాడని, ఆ డూప్ శవాన్నే ఇక్కడ వాడారని ఇంకొందరు. బాస్కర్‌విల్ ఎపిసోడ్‌లో మనిషికి లేనిపోనివి కనిపించేలా చేసే మందు ఉందే, జాన్ మీద దాన్నే ప్రయోగించారని వాదించినవాళ్ళూ ఉన్నారు. నాకు అన్నిటికన్నా నచ్చింది బంతి థియరీ. ల్యాబ్‌లో కూర్చుని షెర్లాక్ ఒక చిన్న రబ్బరు బంతిని బీరువాకేసి కొడుతూ ఉంటాడు, గుర్తుందా? ఆ బంతిని చంకలో పెట్టి గట్టిగా నొక్కితే చేతికి రక్తం సరిగ్గా అందదు, మణికట్టు దగ్గర నాడి దొరకదు. జాన్ డాక్టరు. జనాన్ని తోసుకుని వచ్చి అతను పట్టుకునేది ఆ మణికట్టునే. తర్వాతి ఎపిసోడ్‌లో షెర్లాక్ చెప్పే వివరణలో ఈ బంతి ఉండనే ఉంది. ఒక్కసారి ఎపిసోడ్ చూసి ఇంత దూరం లాగినవాళ్ళ బుర్రలకు దణ్ణం పెట్టాలిరా.

లండన్‌లో అయితే ఇంకో సందడి. మోరియార్టీ తను రిచర్డ్ బ్రూక్ అనే నటుణ్ణని, షెర్లాకే డబ్బిచ్చి విలన్ వేషం వేయించాడని పత్రికలవాళ్ళను నమ్మిస్తాడు కదా. దానికి జవాబుగా, షెర్లాక్ హోమ్స్‌ని నేను నమ్ముతున్నాను అని ఫ్యాన్స్ పోస్టర్లు రాసి అంటించారు. సెయింట్ బార్తలోమ్యూస్ ఆసుపత్రి దగ్గర ఎర్ర టెలిఫోన్ పెట్టె ఉంది, అప్పట్లో దాని అద్దాల నిండా చీటీలే. కథలో లోకమంతా అతన్ని దొంగ అన్నప్పుడు, తెర బయట ఉన్నవాళ్ళు జాన్ పక్షాన నిలబడ్డారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఆ తర్వాత ఈ సీరియల్ సృష్టికర్తల్లో ఒకడైన స్టీవెన్ మొఫాట్ ఒక బాంబు వేశాడు. అందరూ వదిలేసిన క్లూ ఒకటుంది, షెర్లాక్ తన స్వభావానికి బొత్తిగా సరిపడని పనొకటి చేశాడు, అదెవరూ పట్టుకోలేదు అన్నాడు. మళ్ళీ మొదటినుంచీ చూడటం మొదలు. మేడ మీద ఏడవడమే అది అన్నారు కొందరు. నా లెక్కలో అది ఆ ఆసుపత్రి మార్చురీలో పనిచేసే మోలీ. చీకటి ల్యాబ్‌లోకి వచ్చి, నేను చచ్చిపోబోతున్నాననుకుంటున్నాను అంటాడు ఆమెతో. నీకేం కావాలి అని ఆమె అడిగితే, నువ్వు కావాలి అంటాడు. అంతవరకూ ఆమెను నోటికొచ్చినట్టు చిన్నబుచ్చినవాడు, ఎవర్నీ చెయ్యి చాచి అడగనివాడు! షెర్లాక్ దూకకపోతే చంపేస్తానని మోరియార్టీ ముగ్గురి మీద తుపాకులు గురిపెట్టించాడు: జాన్, ఇంటి యజమానురాలు మిసెస్ హడ్సన్, పోలీసు ఇన్‌స్పెక్టర్ లెస్ట్రేడ్. మోలీని లెక్కలోకే తీసుకోలేదు. మోరియార్టీ ఆట మొత్తం ఓడిపోయింది అక్కడే. మొఫాట్ మనసులో ఉన్నది ఇదో కాదో గానీ, నేను మాత్రం ఈ మాట మీదే ఉంటాను.

ఇప్పుడు నీ గాలి పరుపు దగ్గరికి వస్తాను. అసలు కథలు రాసిన కానన్ డాయిల్ 1893లో హోమ్స్‌ని స్విట్జర్లాండ్‌లో రైకెన్‌బాక్ జలపాతం దగ్గర చంపేశాడు. ఆ కథలో వాట్సన్ ఏమీ చూడడు. హోటల్లో జబ్బుమనిషి ఉందని దొంగ కబురు వచ్చి వెనక్కి వెళ్తాడు. తిరిగొచ్చేసరికి ఉన్నవి కాలిబాట మీద అడుగుల గుర్తులు, ఒక చీటీ. వాట్సన్ చూడలేదు కాబట్టి 1903లో హోమ్స్ హాయిగా తిరిగొచ్చాడు. ఈ సీరియల్లోనూ దొంగ కబురు ఉంది. మిసెస్ హడ్సన్‌ని కాల్చారని ఫోన్ వస్తుంది, జాన్ పరిగెడతాడు. కానీ ఇక్కడ జాన్ సమయానికి తిరిగొచ్చేస్తాడు, మొత్తం చూస్తాడు. నాటకానికి సాక్షి కావాలి. అందుకే ఈ పజిల్‌కి తాళంచెవి షెర్లాక్ శరీరంలో లేదురా, జాన్ నిలబడిన చోటులో ఉంది.

దూకే ముందు ఫోన్ సీన్ మళ్ళీ పెట్టుకుని చూడు. టాక్సీ దిగగానే షెర్లాక్ మొదట చెప్పే మాట వెనక్కి తిరిగి వచ్చిన దారినే నడవమని. ఒక చోట ఆపి, పైకి చూడమంటాడు. జాన్ ఒక్క అడుగు ముందుకు వేయబోతే గొంతు ఒక్కసారిగా మారిపోతుంది. కదలొద్దు, ఉన్నచోటే ఉండు, నన్నే చూస్తూ ఉండు, నాకోసం ఈ ఒక్క పని చెయ్యవా అని బతిమాలుతాడు. ఆ ఇద్దరి మధ్యా ఒక పొట్టి ఇటుకల భవనం ఉంది. జాన్‌కి పైకప్పు కనిపిస్తుంది, నేల కనిపించదు. మనకీ అంతే. ఆ భవనం వెనక ఏం పరిచినా, ఎవరు ఎత్తుకుపోయినా మనకు తెలియదు. పరిగెత్తుకొచ్చేలోపు ఒక సైకిల్‌వాడు గుద్ది పడేస్తాడు, ఇంకాస్త సమయం దొరుకుతుంది. షెర్లాక్‌గా వేసిన కంబర్‌బ్యాచ్ ఆ గొంతులో దుఃఖమూ పెట్టాడు, లెక్క తప్పుతుందేమోనన్న కంగారూ పెట్టాడు. మొదటిసారి చూసినప్పుడు దుఃఖం ఒక్కటే వినిపిస్తుంది, రెండోసారి రెండూ వినిపిస్తాయి. జవాబు మొదటి రోజునుంచీ కళ్ళెదుటే పెట్టినవాళ్ళు మోసం చేశారని ఎలా అంటావ్?

షెర్లాక్ ఈ గాలి పరుపు సంగతి ఒకప్పటి పోలీసు ఫోరెన్సిక్ మనిషి ఆండర్సన్‌తో చెప్పింది కూడా అబద్ధమే అయ్యుండొచ్చన్నావు. నిజమే, ఇంత పెద్ద రహస్యం నాలాంటివాడికి చెప్తావా అని ఆండర్సన్‌కే అనుమానం వచ్చి గోడ మీద కాగితాలన్నీ పీకేస్తాడు. ఆ ఎపిసోడ్ రాసిన మార్క్ గేటిస్ ఆ తలుపు కావాలనే తెరిచి ఉంచాడు. అయినా నేను గాలి పరుపే నమ్ముతాను, ఎందుకంటే జాన్‌ని ఎక్కడ నిలబెట్టాడు అన్న ప్రశ్నకి సరిగ్గా అతికేది అదొక్కటే. తాడు కట్టుకుని దూకి కిటికీ అద్దం బద్దలు కొట్టుకుని లోపలికి వచ్చి మోలీని ముద్దు పెట్టుకునే వెర్షన్ ఉందే, అది మా ఫ్యాన్స్ కోసం పెట్టిన విందు. చూసి ఎంత నవ్వుకున్నామో!

నాకు బాధనిపించిన చోటు వేరే ఉంది. హోటల్లో షెర్లాక్ సర్వర్ వేషంలో, పెన్సిల్‌తో దిద్దుకున్న దొంగ మీసంతో వచ్చి జాన్ ముందు నిలబడతాడు. జాన్ మొహం చూడు, ఆ వేషం వేసిన మార్టిన్ ఫ్రీమన్ చాలాసేపు ఒక్క మాటా మాట్లాడడు. తర్వాత షెర్లాక్ పదమూడు మార్గాలు ఆలోచించానని ఉత్సాహంగా మొదలుపెడితే, ఎలా చేశావో నాకు అక్కర్లేదు, ఎందుకు చేశావో చెప్పు అంటాడు. రెండేళ్ళూ మేమందరం 'ఎలా' అనే తవ్వుకున్నాం. జాన్‌కి కావలసింది అది కానే కాదు. డాయిల్ హోమ్స్ అయితే, నువ్వు నిజంగా నమ్మకపోతే నా చావు గురించి అంత నమ్మేలా రాయగలిగేవాడివి కావు అని వాట్సన్‌కి సంజాయిషీ ఇస్తాడు. ఆ వాట్సన్ వెంటనే క్షమించేస్తాడు. ఈ జాన్ కొడతాడు. కొట్టాలి కూడా.

సరే, మూడో సీజన్లో ఇంకా రెండు ఎపిసోడ్లున్నాయి నీకు. మధ్యలోది పెళ్ళి ఎపిసోడ్, ఇంట్లోవాళ్ళందరితో కూర్చుని చూడు. ఆఖరిది మాత్రం రాత్రిపూట మొదలుపెట్టకు, మళ్ళీ నిద్ర ఉండదు. జాన్ పెళ్ళాడే మేరీ గురించి నీ థియరీ ఏమిటో అది చూడకముందే కాగితం మీద రాసి నాకు పంపు, తర్వాత మార్చేస్తే ఒప్పుకోను. పిన్నిగారిని అడిగానని చెప్పు.

నీ
సుధాకర్