మాది ఒంగోలు కిందా, నెల్లూరు కిందా? ముందు అది తేల్చండి

కందుకూరు,
29 మే 2024.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఏసీ వేడిగాలి కొడుతుండటం, మీవాళ్లు చల్లగా కూర్చోవడం.

అయ్యా,

మీ ఏసీ పాడైందని మీకు కొత్తగా చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ సంగతి ఏప్రిల్ చివర్లోనే చెప్పాను. ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పానో లెక్క మీ కంప్యూటర్లోనే ఉంటుంది. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త ఫిర్యాదు నంబరు ఇస్తారు. పాతది ఏమైందని అడిగితే "అది క్లోజ్ అయింది సార్" అంటారు. ఎవరు క్లోజ్ చేశారో, ఏం చేసి క్లోజ్ చేశారో చెప్పేవాళ్లు లేరు. వస్తువన్నాక చెడిపోతుంది, దానికి నేనేమీ అనుకోను. మనిషిని ఇలా తిప్పుకోవడమే నాకు మండుతోంది.

లోపం గురించి రెండు ముక్కల్లో చెబుతాను. గోడ మీద పెట్టె తిరుగుతుంది, గాలి బాగానే వస్తుంది, చల్లదనం మాత్రం లేదు. ఇప్పుడు రోహిణి కార్తె. బయట వడగాడ్పు, లోపల మీ గాలి, రెండింటికీ పెద్ద తేడా లేదు. "ఏందబ్బాయ్, ఈ పెట్టె కూడా గాడ్పు కొడతా ఉంది" అని మా అమ్మ అంటోంది. ఏసీ కొన్నది ఆమె కోసమే. డెబ్బై దాటిన మనిషి, బీపీ ఉంది, మధ్యాహ్నం పూట పాత టేబుల్ ఫ్యాన్ ముందు తడి తువ్వాలు వేసుకుని పడుకుంటోంది.

ఇక అసలు కథ. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ముందు హిందీ వచ్చింది, తర్వాత ఇంగ్లీషు, ఆ తర్వాత పాట, చివరికి ఒకమ్మాయి. "రిమోట్‌లో మంచు గుర్తు కనిపిస్తోందా సార్, ఫ్యాన్ గుర్తు కనిపిస్తోందా?" అని అడిగింది. మంచు గుర్తే ఉందన్నాను. ఫిల్టర్ కడిగారా అంది. కడిగానన్నాను. మెయిన్ స్విచ్ ఆపి, కాసేపాగి వేయమంది. కంప్రెసర్ అందుకోవడానికి మూడు నిమిషాలు పడుతుందని ఫోన్ పట్టుకుని ఆగమంది. ఆగాను. అంతవరకు నాకు అభ్యంతరం లేదు, అడగాల్సినవే అడిగింది. "ఇప్పుడు చల్లగా వస్తోందా సార్?" "రావట్లేదమ్మా." "ధన్యవాదాలు సార్, ఇంకేమైనా సహాయం కావాలా?" ఉన్న సహాయమే అందలేదు తల్లీ, ఇంకోటి ఏం అడగను?

తర్వాత ఫోన్ చేసిన ప్రతిసారీ మళ్లీ మంచు గుర్తు దగ్గర నుంచే మొదలు. నేను పాత కస్టమర్‌నని, ఇవన్నీ అయిపోయాయని చెప్పినా "ప్రాసెస్ సార్" అంటారు. ఇప్పుడు వాళ్లు అడగకముందే నేనే అన్నీ వరుసగా అప్పజెబుతున్నాను. మీకు ఉద్యోగులు తక్కువైతే చెప్పండి, ఆ పని నేనూ చేయగలను.

మీ ఒంగోలు సర్వీస్ సెంటర్ ఆయన ఉన్నాడే, ఆయనది ఇంకో తీరు. "కందుకూరా సార్? మీది ఇప్పుడు నెల్లూరు జిల్లా కదా, మాకు రాదు. నెల్లూరు వాళ్లకు పంపిస్తున్నా" అన్నాడు. సరేనని నెల్లూరు ఫోన్ కోసం ఎదురు చూశాను. రాలేదు. నేనే చేస్తే అక్కడి ఆయన "మీ పిన్‌కోడ్ 523105 అని పడుతోంది సార్. 523 అంటే ఒంగోలు, మాది 524. మా సిస్టం తీసుకోవట్లేదు" అని మళ్లీ ఒంగోలుకు తోశాడు. ఒంగోలాయన జిల్లా చూస్తాడు, నెల్లూరాయన పిన్‌కోడ్ చూస్తాడు. ఏసీని చూసేవాడు మాత్రం ఎవడూ లేడు.

మీకు తెలియకపోతే చెబుతాను. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం జిల్లాలు విడగొట్టినప్పుడు మా కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపింది. పోస్టాఫీసు పిన్ మాత్రం పాతదే ఉంది. అప్పట్లో ఒంగోలు దగ్గర, నెల్లూరు దూరం అని మా ఊళ్లో చాలామంది మొత్తుకున్నారు. ఆ గొడవ ప్రభుత్వానికీ మాకూ మధ్యది, మధ్యలో ఏసీ ఏం చేసింది? నిరుడు జూన్‌లో డబ్బులు కట్టిన మర్నాడే, ఇదే పిన్‌కోడ్‌కు, ఇదే జిల్లాకు మీ బండి నేరుగా మా గుమ్మం ముందుకు వచ్చింది కదా. అమ్మేటప్పుడు దొరికిన ఊరు బాగుచేసేటప్పుడు మ్యాపులో లేకుండా పోయిందా?

గట్టిగా అరిచాక ఒకరోజు ఒక కుర్రాడు బైక్ మీద వచ్చాడు. అతని మీద నాకు కోపం లేదు, ఎండలో పడి వచ్చాడు పాపం. అతని సంచిలో ఒక స్క్రూడ్రైవర్, ఒక టెస్టర్ తప్ప ఏమీ లేవు. గ్యాస్ బండ లేదు, ప్రెషర్ చూసే మీటరు లేదు. డాబా మీద బయటి యూనిట్ దగ్గర రాగి గొట్టం బిగించిన నట్టు చుట్టూ నల్లగా దుమ్ము పేరుకుని ఉంది. వేలితో తుడిచి చూపించాడు, వేలికి జిడ్డు అంటింది. గ్యాస్‌తో పాటు నూనె కూడా కారుతుందట, లీకు అక్కడేనట. మా పామూరు రోడ్డులో ఉండే మెకానిక్ అంతకు ముందే కింద నుంచి చూసి ఇదే మాట చెప్పాడు, విప్పితే వారంటీ పోతుందని ముట్టుకోలేదు. మరి నువ్వు విప్పుతావా బాబూ అంటే, "నన్ను ఫోటో పెట్టమన్నారు సార్" అన్నాడు. ఫోటో తీసుకున్నాడు, మజ్జిగ తాగాడు, వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే మీ సెంటర్ నుంచి ఫోన్. "సార్, మీకు మెసేజ్‌లో హ్యాపీ కోడ్ వచ్చింది, కాస్త చెప్పండి." పని అయ్యాక చెప్పాల్సిన కోడ్ పని కాకుండా ఎందుకయ్యా అంటే, "చెప్పకపోతే మాకు పెనాల్టీ పడుతుంది సార్, రేపు పొద్దున్నే గ్యాస్ పంపిస్తాం" అన్నాడు. నేను చెప్పలేదు. చెప్పకపోయినా మర్నాడు మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు? ఇదేమిటని ఫోన్ చేస్తే, కారణం "కస్టమర్ ఇంట్లో లేరు" అని నమోదైందట. అయ్యా, మంచం దిగలేని మా అమ్మ ఇంట్లో లేకుండా ఎక్కడికి పోతుంది?

ఆ తర్వాత సాకులు రోజుకొకటి. ఎండలు ఎక్కువ కాబట్టి కాల్స్ ఎక్కువట. ఏసీలు అమ్మే కంపెనీకి వేసవిలో ఎండలు ఉంటాయని ముందే తెలియదేమో. మే 13న ఎలక్షన్ కాబట్టి కుర్రాళ్లంతా ఓట్లకు ఊళ్లకు పోయారట. ఓటు వేసి రెండు వారాలు దాటింది, ఇంకా బస్సు దొరకలేదా? సీనియర్‌తో మాట్లాడతానంటే "ఆయన మీటింగ్‌లో ఉన్నారు, 24 గంటల్లో కాల్ చేస్తారు" అంటారు. మీ గడియారంలో 24 గంటలు అంటే ఎంతసేపో మాకు తెలియదు.

నేను పొగాకు రైతును. మా బేళ్లు వేలం కేంద్రంలో పెట్టుకుని వరుసలో నిలబడితే, కొనేవాడికి ఆకు నచ్చకపోతే నోబిడ్ అని అక్కడికక్కడే తేల్చేస్తాడు. కడుపు మండుతుంది, అయినా బేలు ఇంటికి తోలుకుపోవాలో ఏం చేయాలో ఆ నిమిషమే తెలుస్తుంది. మీవాళ్లు ఆ ఒక్క మాట కూడా చెప్పరు. వేలం జరుగుతుండగా మీ నంబరు చూసి, నా బేలు దగ్గరకు వచ్చిన కొనుగోలుదారుణ్ణి వదిలేసి పక్కకు పోయి ఫోన్ ఎత్తాను. అది ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనుక్కోమని. నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

మా నాన్న ఈ ఇంటికి తెచ్చిన మొదటి ఫ్రిజ్ మీదే. ఆయన పోయినా అది ఇంకా తిరుగుతోంది, మా అక్క వాళ్ల ఇంట్లో ఉంది. ఆ నమ్మకంతోనే షాపువాడు వేరే కంపెనీది తక్కువకు ఇస్తానన్నా వినకుండా మీది కొన్నాను. మా బావమరిదికీ, ఎదురింటి మాస్టారికీ కొనిపించాను. ఇప్పుడు మాస్టారు రోడ్డు మీద కనిపిస్తే "మీ కంపెనీ వాళ్లు వచ్చారా?" అని అడుగుతున్నారు. నా కంపెనీ ఎప్పుడైందో నాకు తెలియదు, లాభాల్లో వాటా మాత్రం ఇంతవరకూ అందలేదు.

ఇంకో సంగతి. జూన్‌తో నా వారంటీ ఏడాది నిండుతుంది. ఈ తిప్పుడంతా అది గడిచేదాకా తోసి, ఆ తర్వాత గ్యాస్‌కు డబ్బులు కట్టమనడానికేనని మా ఊళ్లో అందరూ అంటున్నారు. నేను నిన్నటిదాకా అలా అనుకోలేదు. ఈరోజు అనుకుంటున్నాను.

లీకు పూడ్చి, గ్యాస్ నింపి, చల్లగాలి వచ్చేదాకా మా ఇంట్లోనే ఉండే మనిషిని పంపండి, సంచిలో సామాన్లతో. అది చేతకాకపోతే ఏసీ మార్చండి. అదీ చేతకాకపోతే డబ్బులు ఇచ్చి పెట్టె మోసుకుపోండి. ఏది చేసినా, చేయని పనిని చేసినట్టు ఎవరు రాశారో పేరుతో సహా నాకు కాగితం మీద, తెలుగులో జవాబు కావాలి.

జూన్ 4 ఓట్ల లెక్కింపు. రాష్ట్రంలో ఎవరు గెలిచిందీ ఆ సాయంత్రానికి తేలిపోతుంది. నా ఏసీ సంగతీ ఆలోగా తేల్చండి. లేకపోతే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు దానికి ఫీజు కూడా లేదని మా లాయరు చెప్పాడు. మీ మెసేజ్‌లు, కాల్ లిస్టు, ఆ నల్లటి నట్టు ఫోటో అన్నీ దాచిపెట్టాను. కమిషన్ నెల్లూరులోనూ ఉంది, ఒంగోలులోనూ ఉంది. మీకు ఎటు దగ్గరో చెబితే అటే వేస్తాను.

ఈ ఉత్తరం నకలు ఏసీ అమ్మిన షాపుకు కూడా ఇస్తున్నాను. ఆయన షట్టరు మీద అంటించడానికి ఇంకో నకలు నా దగ్గర ఉంది.

ఇట్లు,
మీ (ఇప్పటివరకు) నమ్మకమైన కస్టమర్,
కందుకూరు. జిల్లా మీకు తోచింది రాసుకోండి.