పడవకు రంగు సరే, బోల్టుల మాటేమిటి?

సంపాదకులు గారికి,

ఫ్లెమింగో ఫెస్టివల్ దగ్గరపడిందంటే పులికాట్ సరస్సు గట్టున పడవలకు కొత్త రంగులు పడతాయి. సంతోషమే. నేను నేవీలో పడవల మరమ్మతు పని చేసి రిటైరై సూళ్లూరుపేటలో ఉంటున్నాను. తడ వైపు తెరచాప కట్టే చిన్న ఫైబర్ పడవలు చెడితే నన్ను పిలుస్తుంటారు. వెళ్లగానే నేను చూసేది రంగు కాదు, డెక్ మీది బోల్టులు.

పులికాట్ నీళ్లు వానాకాలంలో చప్పబడతాయి, ఎండాకాలంలో ఇగిరి సముద్రం కంటే ఉప్పగా మారతాయి. ఆ ఉప్పు క్లీటు (తాడు చుట్టి కట్టే కొమ్ము) కిందా, కప్పీ కుదురు కిందా చేరుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు రాకుండా కాచే పొర నిలవాలంటే గాలి తగలాలి. గాలాడని చోట, పైకి తళతళలాడే బోల్టు కూడా లోలోపల తినేసుకుపోతుంది. మొన్న ఒక పడవ ముందు డెక్‌ను స్పానర్ పిడితో తట్టుకుంటూ పోతే, క్లీటు చుట్టూ జానెడు మేర డొల్ల శబ్దం వచ్చింది. ‘పోయినేడే రంగు కొట్టించినాం గదన్నా’ అన్నాడు పడవాయన. విప్పి చూస్తే బోల్టు మెడ అగ్గిపుల్లంత మిగిలింది. బెజ్జంలోంచి నల్లటి నీళ్లు కారాయి. ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ వేలితో గిల్లితే ఊడొచ్చింది. తెరచాప తాడు కట్టేది ఆ క్లీటుకే! గాలి జోరు మీద అది ఊడితే చాప చేతిలో ఉండదు.

ఇలాంటప్పుడు పాత బెజ్జంలోనే లావు బోల్టు దూర్చి బిగించేస్తున్నారు. దయచేసి ఆ పని మానాలి. కుళ్లిన చెక్క తీసేసి, బాగా ఆరనిచ్చి, బెజ్జం పెద్దది చేసి ఎపాక్సీతో (ఆరితే రాయిలా గట్టిపడే జిగురు) పూడ్చాలి. గట్టిపడ్డాక దాని నడుమ బోల్టుకు సరిపడా తొలవాలి. ఇక నీరు దిగినా చెక్కకు తగలదు. అడుగున ఉత్త వాషరు చాలదు, వెడల్పాటి పట్టీ పెట్టాలి. నీరు దిగకుండా ఆపే సీలెంట్ రాశాక పైన బోల్టును కదలకుండా పట్టుకుని కింద నట్టు మాత్రమే తిప్పాలి. బోల్టు తిరిగిందా, దాన్ని పట్టుకున్న సీలెంట్ తెగుతుంది.

షాపుల్లో అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలని అమ్ముతున్నారు. స్టెయిన్‌లెస్ స్టీలులో అయస్కాంతం 304 రకానికీ పెద్దగా అంటదు, 316 రకానికీ అంటదు. ఉప్పునీటికి ఎక్కువ తట్టుకునేది మాలిబ్డినం అనే లోహం కలిసిన 316. బోల్టు తల మీద గుర్తు చూడాలి: 304 రకానికి ఏ2 అని, 316 రకానికి ఏ4 అని ఉంటుంది. ఏ4 కోసం నేను చెన్నై దాకా పోతున్నాను.

అధికారులకు నా విన్నపం. పడవలకు, వలలకు సాయం చేసేటప్పుడు ఏ4 బోల్టులు, కప్పీలు కూడా అందులో చేర్చండి. పడవలు ఆగే చోట మంచినీళ్ల కుళాయి ఒకటి పెట్టించండి. దిగగానే కప్పీలను కడిగితే ఉప్పు పేరుకోదు. గ్రీజు మాత్రం పూయకూడదు, ఇసుక అంటి ఇరుసు అరుగుతుంది. ఐటీఐలో ఫిట్టర్ చదివే పిల్లలను వేసవిలో ఇటు పంపితే, డెక్ సామాను విప్పి బిగించడం నేనే నేర్పిస్తాను. నాకు డబ్బులక్కర్లేదు, స్పానర్లు నా దగ్గరున్నాయి.

– నేవీ విశ్రాంత ఉద్యోగి, సూళ్లూరుపేట, తిరుపతి జిల్లా